ఈరక్క మేకల మీద తీర్పు

ఆ ఆదివారం ఆరాధన ముగిసినా ఎవరూ ఇంటికి కదల్లేదు. ఈరక్క మేకలకు ఈ పూట శిక్ష పడుతుందని అందరికీ ముందే తెలిసిపోయింది మరి.

నేరం చిన్నదేం కాదు. జూన్‌లో పర్యావరణ ఆదివారం నాడు చర్చి ఆవరణలో నలభై మొక్కలు నాటితే, సెప్టెంబరు వచ్చేసరికి ముప్పై ఒకటి ఎండిపోయాయి. ఇంటింటికీ వంతులేసి నీళ్లు పోయించినా నిలవలేదు. ఇంకో రెండు వారాల్లో బిషప్ అయ్యగారు వచ్చి చూస్తారు. పచ్చగా ఉన్న సంఘానికి షీల్డు ఇస్తారు. కోడుమూరు చుట్టుపక్కల సంఘాలన్నీ దానికోసం కాచుకుని ఉన్నాయి. మన సంఘపెద్ద లేవి అయితే ఆ షీల్డు పెట్టుకోవడానికి తన ఇంట్లో గోడకు గూడు కూడా కట్టించేశాడు. చర్చి గేటుకు ‘ప్లాస్టిక్ వద్దు’ అని తన నిలువెత్తు ఫొటోతో పన్నెండు అడుగుల ఫ్లెక్సీ వేయించాడు.

ఈరక్కకు బాప్తిస్మంలో రూతమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు రిజిస్టరులో హాయిగా నిద్రపోతోంది, ఊరు మాత్రం ఈరక్క అనే పిలుస్తుంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి రెండే: నాలుగు మేకలు, సమాధుల తోటలో మొగుడి పక్కన ఆరడుగుల ఖాళీ జాగా. ఆ రెండింటి మీదా ఆమెకు ప్రాణం.

“నీ మేకలు మొక్కల కాడ మూతి పెడ్తాండంగా నా కండ్లతో నేను చూసినా,” అన్నాడు లేవి.

“మూతి పెట్టినాయి లేవన్నా, కాదనను. ఆకు మాత్రం ముట్టలేదు. గుంతలో తడి నాకుతాండాయి, అంతే.”

“పక్కన తొట్టి నిండా నీళ్లుండాయి గదా. దప్పికైతే ఆడ తాగాల. గుంతల కాడికే ఎందుకు పోతాండాయి?”

నిజానికి ఈరక్కకూ అది అంతుపట్టలేదు. ఎంత దూరం తోలుకుపోయినా ఆ మేకలు తిరిగొచ్చి ఆ గుంతల్లోనే తలలు పెట్టేవి. మళ్లీ ఇంటికొచ్చి బకెట్లకు బకెట్లు నీళ్లు తాగేవి.

లేవి భక్తిని మాత్రం వేలెత్తి చూపేందుకు లేదు. ప్రతి శుక్రవారం కర్నూలులో స్వస్థత కూటానికి పోయి, బరువైన సంచి భుజానేసుకుని బస్సు దిగేవాడు. ఇంటికైనా పోకుండా ఒక్కో మొక్క దగ్గర మోకాళ్లూని, మట్టికి తల ఆనేలా వంగి ప్రార్థన చేసేవాడు. ముళ్లకంచె మూలన ఉన్న వేపమొక్క దగ్గర మోకాళ్లూనే చోటు లేక, దానికి దూరం నుంచే ఆమెన్ చెప్పేవాడు. అన్నీ అయ్యాక సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. అలాంటి మనిషి మీద కంటే మేకల మీద అనుమానపడటం ఎవరికైనా సులువే.

పాస్టరయ్య తీర్పు చెప్పే ముందు లేవి ముఖం వైపు చూశాడు. ఆ ముఖంలో ఏం రాసి ఉందో అదే పైకి చదివాడు. మేకలను సంఘానికి అప్పగించాలి, లేదా ఈరక్క పేరు సంఘం నుంచి కొట్టేస్తారు. పేరు పోతే సమాధుల తోటలో జాగా పోయినట్టే.

కట్టేసి మేపుకుంటానని ఆమె బతిమాలింది. సృష్టిని పాడుచేసేవాళ్ల మీద జాలి పనికిరాదన్నాడు లేవి. మూడు రోజులు ఆమె అన్నం సరిగా తినలేదు. మేకలు ఇంకో జన్మకైనా దొరుకుతాయేమో గానీ మొగుడి పక్కన చోటు దొరకదనుకుంది. జన్మల మాట క్రైస్తవులు అనకూడదని గుర్తొచ్చి లెంపలేసుకుంది. నాలుగో రోజు నాలుగింటినీ ఒకే తాడుకు కట్టి తెచ్చి, ఏడుస్తూ తాడు లేవి చేతికిచ్చింది.

“బాధపడొద్దు ఈరక్కా. దేవుని సేవకే పోతాండాయి,” అన్నాడు లేవి.

మేకలు పోయాక మిగిలిన తొమ్మిది మొక్కలూ నవనవలాడాల్సింది. పది రోజుల్లో ఎనిమిది ఎండిపోయాయి. మేక ఎంగిలి విషం లాంటిదనీ, అది వేళ్లలోకి దిగిపోయి ఉంటుందనీ లేవి వివరించాడు. సంఘమంతా తలలూపింది. కంచె మూల వేపమొక్క మాత్రం ఎవరి ఊసూ పట్టకుండా నడుమెత్తు పెరిగి ఊగుతోంది.

బిషప్ అయ్యగారు వచ్చిన రోజున ఆ దేవుని సేవ ఏదో ఈరక్కకు వాసనతోనే తెలిసిపోయింది. ‘ప్లాస్టిక్ వద్దు’ ఫ్లెక్సీ కింద థర్మాకోల్ ప్లేట్లలో మాంసం, పక్కన నీళ్ల పాకెట్లు. కూర చాలా మెత్తగా ఉందని బిషప్ అయ్యగారు మెచ్చుకున్నారు. ఆమెను డేక్సాలు తోమడానికి పెట్టారు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

బిషప్ అయ్యగారు పళ్లు కుట్టుకుంటూ బయటికొచ్చి, ఎండిన పుల్లలను వరసగా చూసుకుంటూ పోయి వేపమొక్క దగ్గర ఆగారు.

“ఇదొక్కటే ఎలా బతికిందయ్యా?”

“అదే నాకూ తెలీదయ్యగారూ. దాని జోలికే నేను పోలేదు. మిగతావాటినే కన్నబిడ్డల మాదిరి చూసుకున్నా.”

“వాటికేం చేశావు?”

ఈ ప్రశ్న కోసం లేవి మూడు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. చొక్కా సర్దుకున్నాడు, సెల్‌ఫోను పట్టుకున్నవాళ్లను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. తోముతున్న ఈరక్క చేతులు ఆగిపోయాయి.

“వారం వారం గుంతకు దోసెడు నా చేత్తోనే పోసినా అయ్యగారూ, ప్రార్థన చేయించిన ఉప్పు.”