తూర్పుకి పెద్దక్షరం

ఆటల పేజీ ప్రూఫు మీద ఇంకు తడి ఇంకా ఆరలేదు.

నిన్నటి ఫుట్‌బాల్ ఫైనల్లో రైలు పట్టాలకు తూర్పునున్న పేటల ఆడపిల్లలు పడమటి పేటల జట్టును మట్టి కరిపించారు. ఇంగ్లిషు హెడ్డింగులో ‘వెస్ట్’కి పెద్దక్షరం ఉంది. గెలిచిన ‘ఈస్ట్’కి చిన్నక్షరం.

ప్రూఫ్ రీడర్ ఆకుపచ్చ పెన్నుతో ‘ఈస్ట్’ మొదటి అక్షరం కింద మూడు గీతలు గీసింది. పెద్దది చెయ్యమని గుర్తు.

పేజీ, న్యూస్ డెస్కు చీఫ్ బల్ల దాకా వెళ్ళి తిరిగొచ్చింది. గీతల్ని ఎర్ర పెన్ను కొట్టేసింది.

ఆమె మళ్ళీ గీసింది. ఈసారి కాగితం చిరిగేంత గట్టిగా.

చీఫ్ ఒంటికాలి మీద లేచి వచ్చాడు.

"ఏమ్మా, రూలు మర్చిపోయావా? ఉత్త దిక్కుకి చిన్నక్షరం. పేరున్న ప్రాంతానికి పెద్దక్షరం."

"మాదీ ప్రాంతమే కదా సార్. ఊళ్ళో సగంమందిమి అక్కడే ఉంటాం."

"ఉంటే? వెస్ట్ అంటే అందరికీ తెలుసు."

"ఆ అందరిలో మేం లేమా సార్?"

చీఫ్ ఎర్ర పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టాడు.

దొంగతనం జరిగినా, మురికి కాలవ పొంగినా తూర్పు ఠంచనుగా మొదటి పేజీకెక్కుతుంది. అప్పుడూ చిన్నక్షరమే.

"రూలు రూలే. దిద్ది సంతకం పెట్టు."

ఆమె పేజీని దగ్గరికి లాక్కుంది. ‘వెస్ట్’ పెద్దక్షరం మీద ఏటవాలుగా ఒక గీత గీసింది. చిన్నది చెయ్యమని గుర్తు.

"ఏం చేస్తున్నావ్?"

"రూలే సార్. పడమర కూడా దిక్కే."

"పిచ్చా నీకు? సాయంత్రం పేపరు బయటికి రాగానే ఫోన్లు మోగిపోతాయి. వాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు." పెన్నుకి మూత పెట్టింది. "ఊరుకున్నది మేమే."

కింద మెషిన్ గదిలోంచి కేక వినిపించింది.

"చెల్లెమ్మా, పేజీ ఏదీ? వ్యాన్లొచ్చేశాయి!"

ప్రూఫ్ రీడర్ సంతకం లేని పేజీని ఆ గదిలో ఎవరూ ముట్టుకోరు. అది కూడా చీఫ్ పెట్టిన రూలే.

ఆయన గొంతు తగ్గించాడు. "నెలాఖరుకి నీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలని రాయాల్సింది నేను. గుర్తుందా?"

"ఉంది సార్."

చేతులు బల్ల కిందికి తీసుకుంది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"రెండూ పెద్దవి చెయ్యండి. లేదా రెండూ చిన్నవి. మీ ఇష్టం."

చీఫ్ ఎర్ర పెన్ను పట్టుకుని పేజీకేసి చూస్తూ నిలబడిపోయాడు. కింది నుంచి మళ్ళీ కేక.

బల్ల మీద ఆమె ఫోను వెలిగింది. చెల్లెలు మెసేజ్ పెట్టింది. నిన్న గోల్ ముందు నిలబడి ఒక్క బంతినీ లోపలికి పోనివ్వని పిల్ల.

"అక్కా, పేపర్లో వచ్చామా?"

ఆమె బల్ల కింది నుంచి చేతులు తీసింది.

"నేనింకా సంతకం పెట్టలేదు" అని టైపు చేసింది.