జాబితాలో మొదటి ఊరు

అక్కా, అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులూ ఉంటాయి. ఏమనుకోకు.

మా ఆయన చేపల మేత కంపెనీ కోసం యాప్ తయారుచేశారు. మేత దింపాల్సిన ఊరిని జాబితాలో నొక్కాలి. నిన్న తన ఫోనే నా చేతికిచ్చి, "నువ్వు నొక్కగలిగితే ఎవరైనా నొక్కగలరు" అని నవ్వారు.

"ఇన్ని ఊళ్ళలో ఎలా వెతకాలండీ?"

"వెతకక్కర్లేదే. మనం ఎక్కువసార్లు వెళ్ళిన ఊరిని ఫోనే గుర్తుపెట్టుకుని పైన చూపిస్తుంది."

పైన మీ మండవల్లి ఉంది. పక్కనే, ఈ ఏడాదిలో నలభై ఒక్కసార్లు అని ఉంది.

ఏడాదిగా మీ ఊరు రాలేదని ఆయనా చెప్పారు, మరిదిని చూసి ఏడాదైందని నువ్వూ చెప్పావు.

నువ్వు పెట్టిచ్చిన రొయ్యల పచ్చడి పెంటలో పారేశాను.

బావగారి చేతిలో పడకుండా నీకే అందితే, ఈ కార్డు తగలబెట్టు.