కోరస్ బటన్

హాల్లో మైకు కుయ్యిమని అరిచింది.

కీబోర్డు వాయించే అతను తల కూడా ఎత్తకుండా వాల్యూమ్ తగ్గించాడు.

ఈమధ్య అతనికి ఏ శబ్దమూ చెవికెక్కడం లేదు. ఒకప్పుడు బృందంలో వయొలిన్ ఉండేది, ఫ్లూటు ఉండేది, కోరస్ పాడే అమ్మాయిలుండేవారు. అందరి పనీ ఈ కీబోర్డు పెట్టె మింగేసింది. ఇప్పుడు వైర్లు గుచ్చడం, వాయించడం, వైర్లు పీకడం. అంతే బతుకు.

కీబోర్డు నుంచి, శబ్దాలన్నీ కలిపి స్పీకర్లకి పంపే మిక్సర్‌కి వైర్లు లాగాడు. పాడేవాళ్ళ మైకులు కూడా మిక్సర్‌కే గుచ్చాడు. దరువులు వేసే చిన్న ప్యాడ్‌ని కీబోర్డు వెనక తగిలించాడు.

"బాబూ."

ఎవరో పెద్దావిడ. మెడకు శాలువా చుట్టుకుంది. మాట గుసగుసలా వస్తోంది.

"ఏంటమ్మా? కాస్త గట్టిగా చెప్పండి."

"ఇంతకంటే రాదు బాబూ. ఇందులో కోరస్ బటన్ ఉంటుందిగా, 'ఆ...' అని ఆడగొంతు వస్తుంది. అది ఒక్కసారి ఆ పెద్ద స్పీకర్లలో వినిపిస్తావా?"

పాడతామనేవాళ్ళు, ఫొటో దిగుతామనేవాళ్ళు ప్రతి ప్రోగ్రాంలోనూ తగులుతారు. ఇదో కొత్త రకం అనుకున్నాడు.

"సౌండ్లన్నీ పాటల వరసలో పెట్టుకున్నానమ్మా. కదిలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"ఒక్కసారే."

"ప్రోగ్రాం అయ్యాక రండి."

"అందాకా ఉండలేను. మా చెల్లెలు నన్ను తన ఊరికి తీసుకెళ్ళిపోతోంది. బయట కారులో ఉంది. మళ్ళీ ఇటు రావడం పడదు."

"ఫోన్లో వినండి. బోలెడుంటాయి ఆడగొంతులు."

నిజానికి ఏదీ మొదటికి రాదు. ఒక బటన్ నొక్కి వెనక్కి రావచ్చు. అతనికి ఆవిడ మీద విసుగు కూడా లేదు. చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు, అంతే.

ఆవిడ ముందు వరసలో కాసేపు కూర్చుంది. బయట హారన్ మోగింది. "వస్తాను బాబూ" అని లేచి వెళ్ళిపోయింది.

హాల్లో సౌండ్ చూసుకునే ముసలాయన వైరు చుట్ట భుజాన వేసుకుని అప్పుడొచ్చాడు.

"శాలువా చుట్టుకున్నావిడ వచ్చిందా? నీ కీబోర్డు మోడల్ చూసి నేనే రమ్మన్నాను."

"వచ్చి వెళ్ళింది."

"వినిపించావా?"

"చెయ్యి ఖాళీ లేక..." అన్నాడు అతను. అబద్ధం అతని చెవికే చప్పగా వినబడింది.

ముసలాయన చుట్ట కింద పెట్టాడు. "మొన్న గొంతు ఆపరేషనయింది ఆవిడకి. ఇక ఆ గుసగుసే మిగిలింది."

అతను గేటు దాకా వెళ్ళాడు. కారు లేదు. తిరిగొచ్చి కోరస్ బటన్ వెతికి నొక్కాడు. 'ఆ...' అంటూ ఆడగొంతు ఖాళీ హాలంతా నిండింది. ఎన్నాళ్ళకో అతనికి ఒక శబ్దం శబ్దంలా వినబడింది. బాగుంది.

"ఇందులో ఏముందని పనిగట్టుకుని వచ్చింది?" అనడిగాడు.

"కీబోర్డు కంపెనీ వాళ్ళు ఈ సౌండ్ రికార్డు చేసిన రోజు స్టూడియోలో మైకు పెట్టింది నేను," అన్నాడు ముసలాయన. "ఆ మైకు ముందు నిలబడి పాడింది ఆవిడ."