మినహాయింపు

“నీకెన్నేళ్ళు?”

“ఏడు.”

“రోజూ ఎంతసేపు పని చేస్తావు?”

“పొద్దున్నించీ...” అనబోయి చిన్నది నాలుక కరుచుకుంది. “రెండే రెండు గంటలు. బడినుంచి వచ్చాక. మా అమ్మ పక్కనే.”

“మోకాలి మీద ఆ మచ్చ?”

“గడప తగిలి పడ్డాను.”

“మరి కొడవలి మాట?”

“ఎత్తను.”

“మా తల్లే!” అంటూ అమ్మ దాని బుగ్గ పుణికింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. కాఫీ తోట చివర రేకుల గది. పళ్ళు కోసే బుట్టలు గుమ్మం బయట పెట్టి, ముగ్గురు పిల్లలూ కంచాల ముందు కూర్చుని పరీక్షకు చదివినట్టు చదువుతున్నారు. పెద్దదానికి పన్నెండు, నడిపివాడికి పది. వాళ్ళిద్దరికీ అన్నీ నోటికి వచ్చేశాయి. భయమంతా చిన్నదానితోనే. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

కాఫీ కొనే దేశంతో కొత్తగా వర్తక ఒప్పందం కుదిరింది. పిల్లలతో వెట్టి చేయించే తోటల సరుకు ఇక ఓడ ఎక్కదు. ఒక్కటే మినహాయింపు. బడి అయ్యాక, సొంత తల్లిదండ్రుల పక్కన ఉండి, రెండు గంటలు చేసాయం చేస్తే తప్పులేదు. అది రాసినవాళ్ళు మంచివాళ్ళే అయి ఉంటారు. తోట మాత్రం చూసి ఉండరు. ఇక్కడ బడి పదిమైళ్ళ దూరం. పని చెయ్యి చాస్తే అందుతుంది.

“తనిఖీలో తేడా వచ్చిందో, పిల్లల్ని పట్టుకుపోయి తలో ఊళ్ళో పడేస్తారు. మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూడరు” అని మేస్త్రి నెల కిందట, నలుగురినీ ఈ గదిలో చేర్చిన రోజే చెప్పాడు. “గట్టెక్కారా, నలుగురూ ఈ గదిలోనే ఉండొచ్చు. నాదీ పూచీ.”

మేస్త్రిది అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం. తనిఖీ దగ్గరపడేకొద్దీ కాళ్ళదాకా వచ్చాడు. మొన్న నాలుగు దుప్పట్లు కూడా ఇచ్చాడు. అయినా ‘తలో ఊళ్ళో’ అన్న మాట విన్న దగ్గర్నించీ అమ్మకి కంటిమీద కునుకు లేదు.

“నేను పుట్టిన రోజు కథ చెప్పవూ?” చిన్నది ఒళ్ళోకి జరిగింది. రోజుకోసారి ఆ కథ వినందే దానికి ముద్ద దిగదు.

“నువ్వు పుట్టిన రోజు ఎండ మాడ్చేసిందనుకో...”

“నిన్న వానన్నావు!” పెద్దది పట్టేసుకుంది.

అమ్మ ఒక్క క్షణం తడబడింది. “రెండూనే! ఎండా వానా కలిసొచ్చాయి.”

“అయితే కుక్కకీ నక్కకీ పెళ్ళి!” అన్నాడు నడిపివాడు.

“ఆ పెళ్ళి భోజనానికి ఆలస్యమైపోతుందనే ఇది తొందరపడి ఊడిపడింది.”

నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక పెద్దది అడిగింది. “రేపు ఎవరైనా అడిగితే ఎండా వానా అనే చెప్పాలి కదూ?”

“అదే చెప్పండి” అంది అమ్మ.

మర్నాడు అధికారిణి వచ్చింది. కళ్ళజోడు, చంకలో ఫైలు, బూట్లనిండా బురద. తెలివితక్కువదేం కాదు. మేస్త్రిని కారు దగ్గరే ఆపేసి ఒక్కతే గదికి వచ్చింది. కాగితాలు చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అలాంటి కాగితాలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి.

“ఈ వయసుకే ముగ్గురా? నీకు పాతికేళ్ళు కూడా ఉన్నట్టు లేవే!”

“ముప్పై దాటాయండి. పొట్టిదాన్ని కదా, తెలీదు.”

అధికారిణి నవ్వింది. అమ్మని గదిలోనే ఉంచి, పిల్లల్ని ఒక్కొక్కరినే పళ్ళు ఆరబోసే కళ్ళం దగ్గరికి పిలిచింది. వయసు, బడి, గంటలు, మచ్చ. ముగ్గురివీ పొల్లుపోకుండా కలిశాయి. మరీ అంత బాగా కలవడం ఆమెకి నచ్చలేదు. ఫైలు మూసి, మళ్ళీ ఒక్కొక్కరినే పిలిచి, ఎవరూ నేర్పని ప్రశ్న ఒకటి వేసింది.

“మీ అమ్మకి కోపమొస్తే ఏం చేస్తుంది?”

కిటికీలోంచి చూస్తున్న అమ్మకి మాటలు వినపడడం లేదు. పెద్దది వెనక్కి తిరిగి గదివైపు చూడడం మాత్రం కనపడింది.

“గిన్నెలు తోముతుందండి” అంది పెద్దది.

“తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది” అన్నాడు నడిపివాడు, తన వంతు వచ్చినప్పుడు.

“నన్ను తిట్టి, గిన్నెలు తోమి, మళ్ళీ నన్నే ఎత్తుకుంటుంది” అంది చిన్నది. “అప్పుడు చేతులు చల్లగా, తడిగా ఉంటాయి.”

అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “మా అమ్మా అంతే. ఇది నేర్పితే వచ్చేది కాదులే” అని తనలో తాను అనుకుంటూ సంతకం పెట్టేసింది.

కారు గేటు దాటాక అమ్మ ముగ్గురినీ ఒక్కసారిగా వాటేసుకుని భోరుమంది. గండం గడిచింది. ఎవరూ ఎవరికీ దూరం కాలేదు. తెల్లారితే మళ్ళీ బుట్ట, మళ్ళీ కొడవలి, పొద్దుగూకేదాకా పని. అది వాళ్ళకి ఆ పూట కష్టంగా కూడా తోచలేదు.

“రేపు కూడా కథ చెప్తావా?” అంది చిన్నది, కళ్ళు తుడుస్తూ.

“రేపేంటి, రోజూ చెప్తాను.”

మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఆమెను ట్రాక్టరు ఎక్కించి, కొండ అవతలి తోటలో దింపి, అక్కడ బుట్టలతో వరుసగా నిలబడ్డ నలుగురు పిల్లలకు చూపించి, “వచ్చే తనిఖీకి మీకూ అమ్మ ఈవిడే, అలా పిలవడం ఇవాళ్టినుంచే అలవాటు చేసుకోండి” అన్నాడు.