నీలం అంటని చోట

"ప్రార్థన బల్ల మీద కొవ్వొత్తి ముక్క ఏదే?" వంటింట్లోంచి అరిచింది జ్ఞానమ్మ.

"ఎలకలు తినుంటాయమ్మా," అంది రూతు తలెత్తకుండా.

"మన ఎలకలు వత్తి తీసి పక్కన పెట్టి మరీ తింటున్నాయా? దేవుడి బల్ల మీద వస్తువు ముట్టకూడదని పదహారేళ్ళొచ్చినా తెలీదూ?"

"నేను ముట్టడం చూశావా?"

"చూడక్కర్లేదు."

అరుగు మీద కూర్చున్న ఏసురాజు నవ్వాడు. "పోనివ్వండి అత్తయ్యగారూ. పెళ్ళయ్యాక మరదలికి కొవ్వొత్తుల కరువుండదు. మా లాకులకి పెట్టెల్తో వస్తాయి."

రూతు చేతిలో చెక్క అచ్చు ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని కార్డు మీద గట్టిగా అదిమింది. నక్షత్రం పడింది.

ఏసురాజు ఆమె అక్క దీనమ్మ భర్త. పాలకొల్లు దగ్గర కాలవ లాకుల మీద గుమాస్తా. దీనమ్మ పోయి మూడు నెలలైంది. బట్టలుతకడానికి వెళ్ళి రేవులో జారిపడిందనీ, తాను లాకు దగ్గర పనిలో ఉన్నాననీ, కబురు తెలిసి వచ్చేసరికి అంతా అయిపోయిందనీ ఏడుస్తూ చెప్పాడు. అక్క పోయిన ఇంటికి చెల్లెల్ని ఇవ్వడం వాళ్ళలో ఉన్నదే. ఎల్లుండి ఆదివారం చర్చిలో ఇద్దరి పేర్లూ చదివి పెళ్ళి ప్రకటిస్తారు.

రూతుని ఎవరూ అడగలేదు. తనే ఒకసారి తండ్రి దగ్గరికెళ్ళి "నేను వెళ్ళను నాన్నా" అంది. మిషను బడి పంతులు యెహెజ్కేలు "ఎందుకు?" అన్నాడు. ఎందుకో ఆమెకే తెలియదు. బావ నవ్వితే భయమేస్తుందని ఎలా చెప్పడం? కారణం లేని మాట ఆయన బళ్ళోనూ ఒప్పుకోడు, ఇంట్లోనూ ఒప్పుకోడు.

ఈలోగా మిషను దొరసానిగారి క్రిస్మస్ కార్డుల పని. సీమకెళ్ళే ఓడకి అందాలంటే వారంలోపల ఇచ్చెయ్యాలి. ఏటా అక్కచెల్లెళ్ళిద్దరూ చేసేవారు. అచ్చుతో నక్షత్రం, కలంతో వాక్యం, నీళ్ళలో కరిగించిన నీలంతో ఆకాశం. కలం పట్టకుండా వాక్యం రాయడం మాత్రం దీనమ్మ విద్య. తెల్లకార్డు మీద కొవ్వొత్తి కొసతో రాసేది. రాసినట్టే కనబడదు. పైన నీలం పూస్తే మైనం ఉన్న చోట రంగు అంటక, అక్షరాలు తెల్లగా తేలేవి. రూతుకి ఆ విద్యా నేర్పింది, చెయ్యి పట్టి ఓనమాలూ దిద్దించింది. ఇద్దరి రాతా పక్కపక్కన పెడితే యెహెజ్కేలు కూడా తేడా చెప్పలేకపోయేవాడు.

"కార్డులు పన్నెండు తక్కువొచ్చాయమ్మా. అక్క పెట్టెలో ఉండాలి," అంది రూతు.

దీనమ్మ పెట్టెని ఏసురాజే తెచ్చి అప్పగించాడు. అప్పట్నుంచీ అటక మీదే ఉంది. జ్ఞానమ్మ దించి మూత తీసింది. నాచు వాసన గుప్పుమంది.

"పైకప్పు కారనేలేదు, కార్డులు ఇంత చెమ్మగా ఉన్నాయేంటి?"

"ఏం కాదు. నువ్వు రంగు పుయ్యి, నేను అచ్చులు వేస్తాను." రూతు కుంచె అందించింది.

జ్ఞానమ్మ పైకార్డు తీసి, ఒకే విసురులో నీలం పూసింది. నీలంలోంచి తెల్లటి అక్షరాలు లేచాయి.

'రూతును ఈ ఇంటికి ఇవ్వకండి.'

జ్ఞానమ్మ కెవ్వుమంది. రూతు కార్డుని చూడలేదు. వాకిట్లో కూర్చున్న తండ్రి మొహం చూసింది.

యెహెజ్కేలు కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "దీనమ్మ రాతే," అన్నాడు.

"ఏదో కోపంలో రాసుంటుంది మామయ్యగారూ," అన్నాడు ఏసురాజు. "మొగుడూ పెళ్ళాలన్నాక మాటామాటా రాదా?"

"రావచ్చు." యెహెజ్కేలు కుంచె అందుకున్నాడు. "ఇంకా పదకొండున్నాయి. అన్నీ చూద్దాం."

"కార్డులు పాడైపోతాయేమోనండీ..."

"పూసేది ఆకాశమేగా."

ఒకటి పూశాడు. ఏమీ లేదు. రెండు. మూడు. వరసగా పది కార్డులు, పది నీలాకాశాలు. రూతు మళ్ళీ అచ్చుల్లో పడింది. ఏసురాజు కాళ్ళు చాపుకున్నాడు.

"చూశారా మరి? పాపం, మీ ఓపిక!"

అడుగున ఉన్న కార్డు తడితో బరువెక్కి ఉంది. కుంచె కొస తగిలిందో లేదో, నీలం తనంతట తానే అంచుల దాకా పాకింది. నీళ్ళ అడుగునుంచి పైకి వస్తున్నట్టు అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి.

'నేను జారిపడలేదు.'

రూతు చేతిలో అచ్చు కిందపడి దొర్లింది.

ఏసురాజు ఒక్క ఉదుటున లేచాడు. "ఎవరు రాశారిది? అప్పుడు రేవులో ఎవరూ లేరే!"

ఆ మాట వాకిట్లో అలాగే నిలబడిపోయింది.

"నువ్వు లాకు దగ్గర ఉన్నానన్నావు కదయ్యా?" అన్నాడు యెహెజ్కేలు మెల్లగా.

ఏసురాజు అరుగు దిగబోయాడు. యెహెజ్కేలు దారికి అడ్డం నిలబడి తలారిని కేకేశాడు.

మధ్యాహ్నం అన్నాల వేళకి తలారి వీరాస్వామి అరుగు మీద కర్ర పట్టుకుని ఏసురాజుకి కాపలా కూర్చున్నాడు. లోపల తండ్రీకూతుళ్ళకి జ్ఞానమ్మ వడ్డించింది.

"ఆదివారం చర్చిలో పేర్లు చదవరు," అన్నాడు యెహెజ్కేలు కంచం వైపు చూస్తూ. "రేపు ఆ రెండు కార్డులూ తీసుకుని రాజమండ్రి వెళ్తున్నాను, పోలీసుల దగ్గరికి. రూతు నాతో బళ్ళో పాఠాలు చెబుతుంది. ఇక ఎవరింటికి వెళ్ళాలో దాని ఇష్టం."

జ్ఞానమ్మ కొంగులో మొహం దాచుకుని, మజ్జిగ తెచ్చే నెపంతో వంటింట్లోకెళ్ళింది. యెహెజ్కేలు గొంతు తగ్గించాడు.

"పోయిన మనిషి ఉత్తరాలు రాయదమ్మా. నీ గోళ్ళలో మైనం కడుక్కో. నిజం నీకెలా తెలిసిందో నేనడగను. బయటపడింది, చాలు."

రూతు తన గోళ్ళకేసి చూసుకుంది.

ఆమె రాసింది మొదటి కార్డొక్కటే.