చివరి వక్త

"గూడెంలో ఈ భాష వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది నాగలక్ష్మి మేడం.

పగిడయ్య తల అడ్డంగా ఊపాడు. "ఎవ్వరు లేరు మేడం. మా జంపక్క ఒక్కతే."

మేడం భాషాశాస్త్రవేత్త. జీపు వాగు అవతలే ఆపి, మోకాలి లోతు నీళ్లలో నడిచి వచ్చింది. పోయిన నెల దుమ్ముగూడెం హోటల్లో చాయ్ తాగుతూ, తన శాస్త్రంలోని మాటలన్నీ పగిడయ్యకు విడమరిచి చెప్పింది. తల్లులు పిల్లలకు నేర్పుతుంటే అది సురక్షిత భాష. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ముసలివాళ్ల నోట్లోనే మిగిలితే ప్రమాదంలో ఉన్న భాష. ఒక్కరే మిగిలితే ఆ మనిషి చివరి వక్త. ఆ మనిషి కోసం పైవాళ్లు ఏమైనా చేస్తారు.

పగిడయ్య పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు. ఈ పాఠం మాత్రం బుద్ధిగా విన్నాడు. చివరి ముక్క మళ్లీ చెప్పించుకున్నాడు కూడా.

ఇవాళ జంపక్క గంటసేపు మైకు ముందు కూర్చుని నిప్పుకు, నీళ్లకు, ఇప్పపువ్వుకు తన భాషలో పేర్లు చెప్పింది. గూడెమంతా చుట్టూ నిలబడి ఉలుకూ పలుకూ లేకుండా చూసింది. ఒక పసిది ఏదో అనబోతే తల్లి నోరు మూసి ఇంట్లోకి తీసుకుపోయింది. ఇంత క్రమశిక్షణ మేడం తన యూనివర్సిటీలో కూడా ఎరగదు.

"మాట్లాడేందుకు మనిషి లేకపోతే కష్టంగా ఉండదా అవ్వా?"

"కష్టమే బిడ్డా," అంది జంపక్క. "పోయిన వానకాలం నా కోడలికి నొప్పులొచ్చినయ్. మంచం మీద మోసుకపోయిండ్రు. వాగు దాటనియ్యలే. ఒడ్డుమీదనే కన్నది. పిల్ల దక్కలే."

మేడం అడిగింది భాష గురించి. జంపక్క చెప్పింది వాగు గురించి. అయినా మేడం కళ్లు తుడుచుకుంది. వంతెన కోసం గూడెం ఇప్పటికి ఏడు అర్జీలు పెట్టిందని విని, ఎనిమిదోది తానే అక్కడికక్కడ ఇంగ్లిషులో రాసింది. ఈ భాష తెలిసిన ఒకే ఒక్క మనిషి దవాఖానాకు చేరలేక పోతే భాష కూడా ఆమెతోనే పోతుందని, వెంటనే వంతెన కావాలని అందులో ఉంది.

"ఈసారి వంతెన వస్తుంది. నాదీ పూచీ," అని చెప్పి వాగు దాటి జీపెక్కింది.

జీపు చప్పుడు అడవిలో కలిసిపోయాక, ఇంట్లోంచి ఉరికొచ్చిన పసిదానితో సహా గూడెం గూడెమంతా జంపక్క చుట్టూ మూగి, ఆ చచ్చిపోతున్న భాషలోనే, వంతెన ఎప్పుడు కడతారని ఒక్కసారిగా అడిగింది.