ముడుల తాడు

పంచాయతీ ఆఫీసు గోడ మీది నీలం బోర్డును మళ్లీ ఎవరో దిద్దారు.

'ఊరి బావిలో నీళ్లు: పది మీటర్ల లోతున' అని సెక్రటరీ హరినాథ్ రాస్తే, 'పది' తుడిచేసి సుద్దముక్కతో 'పదహారు' అని రాశారు.

కేంద్రం పథకం కింద ప్రతి నెలా బావి కొలిచి బోర్డు మీద రాయాలి, పైకి పంపాలి. కొలిచే టేపు వచ్చిన రోజు నుంచీ బీరువాలోనే ఉంది. హరినాథ్ కుర్చీలోంచి లేవకుండానే నెలనెలా పది మీటర్లు కొలిచేవాడు. పది అంటే పైనుంచి ఎవరూ ఏమీ అడగరు.

జనవరి ఒకటో తేదీన దొంగ దొరికాడు.

డెబ్భై ఏళ్ల ముసలాయన. లుంగీ నిండా బండల దుమ్ము, భుజాన మీటరుకో ముడి వేసిన తాడు, చేతిలో సుద్దముక్క.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"నీళ్లు శానా కిందికి పోయినాయి సార్. బోర్డు మీద తప్పు ఉండాది. దిద్దుతాండా."

"ఏ ఊరు నీది?"

"బేతంచెర్ల సార్. వలి సాహెబ్ అంటారు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని."

"ఆడ పని చేసేవానికి ఈడి బావితో ఏం పని? దిద్దేకి నువ్వెవరు?"

"ఎవర్నీ కాదు సార్."

హరినాథ్ తాడు లాక్కుని బీరువాలో పడేశాడు. మరునాడే పెయింటర్‌ను పిలిచి, 'పది'ని చెరగని రంగుతో రాయించాడు.

ముసలాయన మళ్లీ రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు హరినాథ్.

ఏప్రిల్‌లో బావి అడుగు కనిపించింది. మంచినీళ్ల బోరు కూడా ఎండిపోయింది.

"బిందెడు నీళ్లకు మైలు దూరం నడుస్తాండాం సార్. ట్యాంకరన్నా తెప్పియ్యండి," అంటూ భీమక్క ఆఫీసు మెట్ల మీద ఖాళీ బిందె పెట్టుకుని కూర్చుంది.

హరినాథ్ మండలాఫీసుకు పరుగెత్తాడు. అక్కడి అధికారి కాగితాలు తిరగేశాడు.

"నీళ్లు పది మీటర్లలోనే ఉన్నాయని నువ్వే రాసి పంపినావు కదప్పా. మీ ఊరిని కరువు జాబితాలో ఎట్లా చేర్చేది? నెలనెలా నిజంగా కొలిచిన కొలతలుంటే తీసుకురా, చూద్దాం."

ఆ కొలతలు ఎవరి దగ్గర ఉంటాయో హరినాథ్‌కు తెలుసు.

బీరువాలోంచి తాడు తీసుకుని బేతంచెర్ల బస్సెక్కాడు. తప్పయిందని ఎలా చెప్పాలో దారంతా మాటలు వెతుక్కున్నాడు.

ఫ్యాక్టరీ వెనక సందులో ఇల్లు దొరికింది. మనిషి లేడు. పోయిన నెలే కాలం చేశాడని భార్య చాంద్ బేగం చెప్పింది.

హరినాథ్ తానెవరో చెప్పేలోగానే, అతని చేతిలోని తాడు చూసి ఆమే గుర్తుపట్టింది. లోపలికి వెళ్లి పాత నోట్‌బుక్ తెచ్చింది.

"సెక్రటరీ సార్‌కు ఎప్పుడో ఒకరోజు అవసరం పడతాది, వస్తే ఇయ్యి అని చెప్పినాడు."

ఏళ్ల తరబడి కొలతలు. ఒక్క నెల తప్పలేదు. చివరి పేజీలో ఫిబ్రవరి ఎదురుగా మాత్రం, 'తాడు లేదు, కొలవలేదు' అని ఉంది.

హరినాథ్ సిగ్గుతో చచ్చిపోయాడు. తాడు ఆమె చేతికిస్తూ అడిగాడు.

"మా బావి గురించి ఆయనకెందుకమ్మా అంత యాతన?"

ఆమె తాడు ముడులు ఒక్కొక్కటే తడిమింది.

"పడుచు వయసులో ఆ బావి తవ్వింది ఆయనే సార్. పెండ్లి చేసి ఇచ్చిన బిడ్డను చూసేకి పోయినట్ల, నెలకొకసారి పోయి చూసొస్తాండె."